శవం నిద్రపోయిన రాత్రి

ముందే చెప్పాను అందరికీ:
రక్తం వద్దు. కత్తి వద్దు.
ఐదేళ్లవాడి నుంచి ఎనభై ఎనిమిదేళ్ల ఆవిడ దాకా
ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఆడుకునే హత్య కావాలి మనకి.
అందుకని ఆయుధం: గడ్డకట్టిన కాడ్ చేప.
చచ్చేది: ఓడ కెప్టెన్ గారి వితంతువు, బాగా డబ్బున్న మనిషి.

"చచ్చేది నేనే," అంది ఫిలొమీనా పెద్దమ్మ
బడిపిల్లలా చెయ్యెత్తి.
ఊళ్లో సగం మందికి ఆవిడ పెద్దమ్మే.
"మోకాళ్ల నొప్పులు. నిలబడే వేషాలు నావల్ల కాదు.
పడుకునేదేదైనా ఉంటే ఇవ్వండి."

బోనవిస్టాలో ఫిబ్రవరి.
కిటికీకి సగం దాకా మంచు, మిగతా సగం చీకటి.
రోడ్డు మధ్యాహ్నమే మూసేశారు.
పక్కింటి సిరిల్ ఫిఫీల్డ్ మాత్రం
దారి తవ్వుకుంటూ వచ్చాడు,
తలమీద భార్య టోపీ, నోట్లో వెలిగించని పైపు, చంకలో పార.
ఇన్‌స్పెక్టర్ వేషం అతనిది.

నాలుగు రాత్రులు కూర్చుని రాశాను చీటీలు.
వంటమనిషికో రహస్యం, తోటమాలికో అప్పు,
పద్నాలుగేళ్ల మార్నీకి, అడిగి మరీ రాయించుకుంది,
మాట్లాడే పనిలేని పాత్ర.
హంతకుడి చీటీ మాత్రం
ఎవరి చేతికి చిక్కితే వాళ్లది.

లియాండర్ చేతికి చిక్కింది.
వాడిదింకా కూడబలుక్కునే చదువు.
పెదాలు కదిలాయి: "ను-వ్వే... చం-పా-వు."
మడిచి సాక్సులో దాచుకున్నాడు.
బఠాణీ సూప్ అయ్యేలోపు
ముగ్గురి చెవుల్లో ఊదేశాడు, ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకుని.
ముగ్గురం ఏమీ విననట్టే
ఒకళ్ల మీద ఒకళ్లం అనుమానాలు మొదలెట్టాం.

లైట్లు ఆర్పాం. ఎవరో కెవ్వుమన్నారు.
(మార్నీయే, మాట్లాడే పనిలేనిది.)
వెలిగించేసరికి సోఫాలో పెద్దమ్మ,
చేతులు గుండెల మీద, కళ్లజోడు కళ్ల మీద,
పక్కన తువ్వాలులో చుట్టిన చేప.

"హంతకుడి భుజానికి పిండి అంటింది!" అన్నాడు సిరిల్.
అందరి చేతులూ భుజాల మీదికే పోయాయి,
మా ఆయన గస్‌ది అందరికన్నా ముందు.
పొద్దున రొట్టెల పిండి పిసికింది నేను.
కథ రాసిందీ నేనే.
అయినా తడుముకున్నాను.

విచారణ గంటన్నర.
చక్కెర డబ్బాలో వీలునామా దొరికింది.
తోటమాలి ఏడ్చాడు. వంటమనిషి రెండుసార్లు మాట మార్చింది.
శవం సంగతి మరిచేపోయాం.

మరవనివాడు ఒక్కడే.
సోఫా పక్కన గొంతుక్కూర్చుని
ఆవిడ చిటికెనవేలు పట్టి లాగాడు. మళ్లీ లాగాడు.
చేప కరిగి తడి కార్పెట్ మీదికి పాకుతోంది.
"పెద్దమ్మా," అన్నాడు.
తర్వాత వాడు అరిచిన అరుపుకి
సిరిల్ నోట్లో పైపు జారిపోయింది.

"నేను నిజంగా చంపలేదు!
కాయితం మీద రాసుంది, అంతే!
నాకు చదవడం కూడా సరిగ్గా రాదు!"

గాలి తలుపుని తోస్తోంది.
ఎనిమిది మందిమి ఆ ఛాతీ వైపే చూశాం.
ఆ చేతులు అలా పెట్టించింది నేను.
ఎవరం ఎవరి మొహమూ చూడలేదు.
నేను రాసిన నాలుగు రాత్రుల్లో
ఈ ఘట్టం ఎక్కడా లేదు.

అప్పుడు గురక.
ముందు చిన్నది, పడవ ఇంజను తాడు ఒకసారి లాగి వదిలినట్టు.
తర్వాత అందుకుంది.

మార్నీ నవ్వాపుకోలేక బల్లకిందికి పోయింది.
పెద్దమ్మ ఒక కన్ను తెరిచింది:
"దొరికాడా? లేక నన్నొదిలేసి పుడ్డింగ్ తినేశారా?"

లియాండర్ ఆవిడ పక్కలో దూరి
సాక్సులోంచి చీటీ తీసిచ్చాడు.
వెచ్చగా, నలిగిపోయి ఉంది.
ఆవిడ చదివింది, వెనక్కి తిప్పింది,
సిరిల్ చెవి మీది పెన్సిలు తీసుకుని ఏదో రాసి
వాణ్నే చదవమంది.
ముక్కు ఎగబీలుస్తూ, వేలు పెట్టుకుంటూ చదివాడు:
"ని-ద్ర... పు-చ్చా-వు."

రోడ్డు మూడు రోజులు తెరుచుకోలేదు.
ఆయుధాన్ని ఉల్లిపాయలేసి వండుకుని
ముల్లు మిగలకుండా తిన్నాం.